బస్టాండులో బోర్డు, ఇంట్లో చాట

పొగాకు మీద మన దేశం చేసుకున్న చట్టాల్లో రెండు ఎల్లారెడ్డిపేటకు సూటిగా తగులుతాయి. ఒకటి 1966లో వచ్చిన బీడీ, చుట్ట కార్మికుల ఉద్యోగ స్థితిగతుల చట్టం. రెండోది 2003లో వచ్చిన సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టం. బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడాన్ని నిషేధించింది ఈ రెండో చట్టంలోని నాలుగో సెక్షన్. మొదటిది కార్మిక శాఖ చేతిలో, రెండోది ఆరోగ్య శాఖ చేతిలో పెరిగాయి. ఒకదాన్ని యూనియన్ నాయకులు చదువుతారు, రెండోదాన్ని డాక్టర్లు చదువుతారు. రెండింటినీ ఒకచోట పెట్టుకుని చదివేవాళ్లు అరుదు. కామారెడ్డి నుంచి సిరిసిల్లకు పోయే రోడ్డు మీద ఉన్న ఈ మండలంలోనూ, అటు కోరుట్ల, జగిత్యాల దాకానూ, బీడీ తాగే మనిషీ బీడీ చేసే మనిషీ చాలా ఇళ్లల్లో ఒకే కప్పు కింద ఉంటారు. ఇక్కడి నుంచి చూస్తే ఈ రెండు చట్టాలూ ఒకదాని లోపాన్ని మరొకటి బయటపెడతాయి.

బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడాన్ని ప్రభుత్వం నిషేధించాలా అన్న ప్రశ్నకు నా జవాబు ముందే చెప్తాను. నిషేధించాలి. ఇప్పుడున్నదాని కంటే గట్టిగా నిషేధించాలి. అయితే ఆ నిషేధాన్ని సమర్థించడానికి మనం చెప్పే న్యాయం ఏదుందో, అది బస్టాండు దగ్గర ఆగిపోకూడదు. ఈ వ్యాసంలో నా వాదన అంతా అదే.

ముందు 2003 చట్టాన్ని చూద్దాం. దాని వెనుక గౌరవించదగ్గ చరిత్ర ఉంది. 1999 జూలైలో కేరళ హైకోర్టు, నలుగురు తిరిగే చోట పొగతాగడం పక్కవాడి జీవించే హక్కుకు భంగమని, రాజ్యాంగంలోని 21వ అధికరణం కిందికి ఆ హక్కు వస్తుందని తీర్పు చెప్పింది. 2001 నవంబరు 2న మురళీ దేవరా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు అదే మాటను దేశమంతటికీ వర్తింపజేసింది. ఆసుపత్రులు, బడులు, గ్రంథాలయాలు, కోర్టులు, ప్రభుత్వ కార్యాలయాలు, బస్సులు, రైళ్లలో పొగతాగడం ఆపాలని ఆదేశించింది. తాగనివాడు తాగేవాడి రోగాన్ని ఎందుకు మోయాలి అన్నది ఆ తీర్పులోని ప్రధాన ప్రశ్న. దానికి శాస్త్రం అప్పటికే జవాబు చెప్పి ఉంది. జపాన్‌లో తకేషి హిరయామా 14 ఏళ్లపాటు లెక్కలు కట్టి 1981లో ప్రచురించిన అధ్యయనంలో, తాము పొగతాగకపోయినా భర్తలు బాగా పొగతాగే ఆడవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎక్కువని తేలింది. ఆనాడు కంపెనీలు దాన్ని కొట్టిపారేయాలని చూశాయి. తర్వాత వచ్చిన అధ్యయనాలు హిరయామా వైపే నిలబడ్డాయి. ఇతరుల పొగ వల్ల ఏటా ప్రపంచంలో పది లక్షలకు పైగా జనం చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇవాళ చెప్తోంది.

ఒక్క విషయం గమనించాలి. ఆ మొదటి రుజువు దొరికింది బస్టాండులోనూ కాదు, హోటల్లోనూ కాదు, ఇంట్లో. ఆ పొగను పీల్చింది ఇంటి ఇల్లాలు. ఈ సంగతి దగ్గరికి మళ్లీ వస్తాను.

నాలుగో సెక్షన్ 2004 మే 1న అమల్లోకి వచ్చింది. మొదట్లో బహిరంగ ప్రదేశం అంటే దాదాపుగా నాలుగు గోడల మధ్య చోటే. 2008 అక్టోబరు 2 నుంచి వచ్చిన నియమాలు ఆ పరిధిని పెంచి పని చేసే చోట్లను, సినిమా హాళ్లను, క్యాంటీన్లను, రైల్వే స్టేషన్లను, బస్టాండ్లను కలిపాయి. 60 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న బోర్డు పెట్టాలన్నాయి. ఇక్కడ పొగతాగడం నేరమని ఆ బోర్డు మీద రాయాలన్నాయి. తప్పుచేస్తే 200 రూపాయల దాకా జరిమానా. ఆ చోటికి బాధ్యుడైన మేనేజరో యజమానో చూస్తూ ఊరుకుంటే అతని మీదా జరిమానా వేయవచ్చు. రాతలో చూస్తే ఇది పనికొచ్చే చట్టమే. అమ్మకాల సంగతీ అందులోనే ఉంది: పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు అమ్మకూడదు, బడికి వంద గజాల లోపల అమ్మకూడదు.

ఇక చేతలో. బీడీ, సిగరెట్ తాగేవాళ్లు మానుకోలేని చోటు బస్సు కోసం నిలబడే చోటు. ఎదురుచూపులో చేతికి పని ఉండదు, జేబులో కట్ట ఉంటుంది. పక్కన చంటిపిల్లను ఎత్తుకున్న తల్లి ముఖం అటు తిప్పుకుంటుంది తప్ప నోరెత్తదు. పెద్దమనిషిని ఏమంటాం అనుకుంటుంది. చట్టం ఆ తల్లి తరఫున మాట్లాడాలి. మాట్లాడాలంటే రెండొందల జరిమానాకు విలువ ఉండాలి, దాన్ని వేసే మనిషి ఉండాలి. 2003లో రాసిన ఆ రెండొందలు ఇప్పటికీ రెండొందలే. దాన్ని రెండు వేలు చేయాలని, పెద్ద హోటళ్లలోని పొగ గదులను ఎత్తేయాలని 2020లో కేంద్రం ఒక సవరణ ముసాయిదా తెచ్చింది. అది చట్టం కాలేదు.

ఆ పొగ గదుల గురించీ ఒక మాట చెప్పాలి. ముప్పై గదులున్న హోటలు, ముప్పై మంది కూర్చునే రెస్టారెంటు, విమానాశ్రయం వంటి చోట్ల పొగతాగేవాళ్లకు విడిగా జాగా ఇవ్వవచ్చని చట్టం మినహాయింపు ఇచ్చింది. హైదరాబాదులో డబ్బున్న మనిషికి చట్టమే ఒక గది చూపిస్తుంది. ఎల్లారెడ్డిపేట చాయ హోటలు ముందు నిలబడ్డ హమాలీకి జరిమానా చూపిస్తుంది. పైగా ఆ గదిలోకి గ్లాసులు తీసుకెళ్లే పిల్లవాడి ఊపిరి ఎవరి లెక్కలోకీ రాలేదు. ఈ మినహాయింపును ఏ న్యాయంతోనూ సమర్థించలేం.

అమలు సాధ్యం కాదన్న మాటను నేను ఒప్పుకోను. సాక్ష్యం మన ఊళ్లలోనే ఉంది. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల పల్లెల నుంచి వేలమంది గల్ఫ్ పోయి వచ్చినవాళ్లున్నారు. యూఏఈ 2009లో పొగాకు మీద కేంద్ర చట్టం చేసింది. అక్కడ మెట్రోలోనో మాల్‌లోనో బీడీ ముట్టించే ధైర్యం మన మనిషికి ఉండదు. అదే మనిషి సెలవు మీద వచ్చి వేములవాడ బస్సులో కిటికీ పక్కన అగ్గిపుల్ల గీస్తాడు. మనిషి మారలేదు, అలవాటూ మారలేదు. అక్కడ పట్టుకుంటారని తెలుసు, ఇక్కడ పట్టుకోరని తెలుసు. తేడా అంతా అక్కడే.

ఇప్పుడు 1966 చట్టం. దీన్ని తీసిపారేసే వీల్లేదు. ఇంట్లో కూర్చుని బీడీలు చేసే ఆడమనిషిని కార్మికురాలిగా గుర్తించిన పెద్ద చట్టం ఇది. యజమాని నుంచో కాంట్రాక్టరు నుంచో ఆకు, తంబాకు తీసుకుపోయి ఇంట్లో బీడీలు చేసేవాళ్లూ ఉద్యోగులేనని నిర్వచనంలోనే రాశారు. సెలవు, ప్రసూతి ప్రయోజనం ఇచ్చారు. నాసి బీడీలని ఏరి పక్కన పడేసినప్పుడు వచ్చే తగాదాను తేల్చడానికి దారి చూపారు. కంపెనీలు ఊరుకోలేదు, కోర్టుకు పోయాయి. ఇంట్లో పని చేసే ఆమెకూ మాకూ సంబంధం లేదు, మధ్యలో ఉన్న కాంట్రాక్టరును అడగండి అన్నాయి. 1974లో మంగుళూరు గణేశ్ బీడీ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చి చట్టాన్ని నిలబెట్టింది. బీడీ మీద ఎవరి మార్కు ఉంటే వాళ్లకు బాధ్యత తప్పదన్న సూత్రం అప్పుడు గట్టిపడింది. తర్వాత 1976లో సంక్షేమ నిధి, సెస్సు చట్టాలు వచ్చాయి. ఆ నిధి నుంచి పిల్లల చదువుకు ఉపకార వేతనాలు, ఇళ్లకు సాయం, బీడీ కార్మికుల దవాఖానాలు వచ్చాయి. పీఎఫ్ వచ్చింది. పెళ్లిచూపుల్లో పిల్లకు బీడీలు వచ్చునా, పీఎఫ్ ఉందా అని అడిగే కాలం ఈ జిల్లాల్లో నడిచిందంటే ఆ చట్టాల బలం వల్లనే.

అయినా ఒక చోట 1966 చట్టం కూడా ఆగిపోయింది. గాలి, వెలుతురు సరిగా ఉండాలి, కిక్కిరిసి కూర్చోబెట్టకూడదు, శుభ్రంగా ఉంచాలి, తాగునీరు పెట్టాలి, చిన్నపిల్లలకు వేరే గది ఉండాలి అని ఆ చట్టంలో వరుసగా సెక్షన్లున్నాయి. అన్నీ పారిశ్రామిక ఆవరణకే. పారిశ్రామిక ఆవరణ అంటే ఏమిటో చెప్పేటప్పుడు, మనుషులు కాపురముండే సొంత ఇల్లు అందులోకి రాదని అక్కడే తేల్చేశారు. మనిషిని చట్టంలోకి తీసుకున్నారు, ఆమె కూర్చున్న చోటును బయట ఉంచారు. పధ్నాలుగేళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టకూడదన్న నిబంధన కూడా ఆవరణకే. 1986 బాలకార్మిక చట్టం బీడీ తయారీని నిషిద్ధ పనుల జాబితాలో చేర్చి, కుటుంబంతో కలిసి ఇంటి వద్ద చేసే పనిని 2016 సవరణ దాకా మినహాయించింది. బీడీ పనిలో పిల్లలు కూర్చునేది ఇంట్లోనే. అక్కడే మినహాయింపు ఇచ్చాక అన్నేళ్లూ ఆ నిషేధంలో మిగిలిందేమిటి?

ఆ ఇంటి లోపలికి రండి. రాచర్ల గొల్లపల్లిలోనో రాచర్ల బొప్పాపూర్‌లోనో ఏ వాడకు పోయినా పొద్దున తొమ్మిది దాటేసరికి ఈ దృశ్యం కనిపిస్తుంది. రాత్రి నీళ్లలో నానబెట్టిన తునికాకును తడిగుడ్డలో చుట్టి పెట్టి ఉంటారు. రేకు అచ్చు ఆకు మీద పెట్టి చుట్టూ కత్తిరిస్తారు. ఒళ్లో చాట ఉంటుంది. చాటలో ఒక పక్క కత్తిరించిన ఆకు, ఒక పక్క తంబాకు. ఎడమచేతిలో ఆకు, అందులో చిటికెడు తంబాకు, బొటనవేళ్లతో ఒక చుట్టు, ఒక దారం, మూతి మడవడం. ఈ మొత్తం పని కళ్లు ఆర్పేంతలో అయిపోతుంది. ఇరవై ఐదు అయితే ఒక కట్ట. తంబాకు పొడి చాటలోనే ఉండిపోదు. ఫ్యాను తిప్పితే లేస్తుంది కాబట్టి మే నెలలోనూ ఫ్యాను బందు పెట్టుకుంటారు. తలుపు తెరిస్తే గాలికి ఆకు ఎండి పగులుతుంది కాబట్టి తలుపు ఓరగా వేసుకుంటారు. చంటిపిల్ల పక్కనే పడుకుని ఉంటుంది. సాయంత్రానికి చీర కొంగు నుంచి, జుట్టు నుంచి, వండిన అన్నం నుంచి కూడా తంబాకు వాసన. రోజంతా తంబాకు పట్టుకున్న చేతి చర్మం నుంచీ, ముక్కు నుంచీ నికోటిన్ ఒంట్లోకి పోతుంది. బీడీలు చేసేవాళ్ల మూత్రాన్ని పరీక్షించిన అధ్యయనాల్లో ఆ జాడలు దొరికాయి. దగ్గు, ఆయాసం, కళ్ల మంట, నడుము నొప్పి, మెడ నొప్పి ఆ ఇళ్లల్లో ప్రత్యేకంగా చెప్పుకునే రోగాలు కావు, వయసుతో పాటు వచ్చేవని ఊరుకుంటారు.

“చిన్నప్పటి సంది చేస్తున్న బిడ్డా. మా అవ్వ చేసింది, నేను చేసిన. నా బిడ్డకు మాత్రం నేర్పియ్యలె” అని ఆ వాడల్లో నడివయసు ఆడవాళ్లు చెప్పే మాటలో ఈ పని మీద వాళ్ల తీర్పు ఉంది. ఆ తీర్పును 1966 చట్టమూ వినలేదు, 2003 చట్టమూ వినలేదు.

ఇప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. 2003 చట్టం ప్రయాణికుణ్ని చూసింది, రోగిని చూసింది, ఆఫీసులో పక్క కుర్చీ గుమాస్తాను చూసింది. పొగాకు వల్ల తన ఇష్టం లేకుండా నష్టపోయే మనిషికి రాజ్యం అండగా ఉండాలన్నది దాని మూలసూత్రం. ఆ సూత్రం గొప్పది. కానీ దాన్ని మండుతున్న పొగాకుకే పరిమితం చేసింది. మండని పొగాకును రోజుకు పది గంటలు పీల్చే మనిషి దాని కంటికి ఆనలేదు. 1966 చట్టం ఆ మనిషిని చూసింది. ఆమె కూలిని, సెలవును, ప్రసూతిని చూసింది. ఆమె ఊపిరిని చూడవలసి వచ్చేసరికి గడప దగ్గర నిలబడిపోయింది. 2003 చట్టం కూడా సరిగ్గా ఆ గడప దగ్గరే నిలబడింది, ఎందుకంటే ఇల్లు బహిరంగ ప్రదేశం కాదు. రెండు చట్టాలు రెండు వైపుల నుంచి నడిచి వచ్చి ఒకే గడప బయట ఆగాయి. లోపల ఉన్నది ఒక్కతే: భర్త తాగే బీడీ పొగను రాత్రి, తాను చేసే బీడీ దుమ్మును పగలు పీల్చే ఆడమనిషి.

ఇంటికి చట్టం రాకపోవడానికి కారణం ఉంది, దాన్ని నేను కొట్టిపారేయను. పోలీసు ఇంట్లోకి వచ్చి బీడీ ముట్టించావా అని అడగడం ఎవరికీ సమ్మతం కాదు. కానీ ఇంటి విషయంలో అంకెలు చెప్పేది కొంచెం ఆలోచించదగ్గది. పెద్దల్లో పొగాకు వాడకం మీద దేశవ్యాప్తంగా రెండు సర్వేలు జరిగాయి. 2009-10 సర్వేలో ఇంట్లో ఇతరుల పొగ పీలుస్తున్నవాళ్లు 52.3 శాతం. 2016-17 నాటికి అది 38.7 శాతానికి తగ్గింది. పని చేసే చోట, గోడల మధ్య పీల్చేవాళ్లు మొదటి సర్వేలో 29.9 శాతం, రెండో సర్వేలో 30.2 శాతం. చట్టం అడుగుపెట్టని ఇంట్లో పొగ తగ్గింది. చట్టం పేరుపెట్టి నిషేధించిన పనిచోట తగ్గలేదు. దీన్ని బట్టి చట్టం దండగ అనడం తొందరపాటు. తాగడం తప్పు అన్న మాటను రాజ్యం బోర్డు రాసి పెట్టాక ఇంట్లో భార్య, పిల్లలు “బయటికి పోయి తాగు” అని ధైర్యంగా అనగలిగారు. అది చట్టం చేసిన మేలే. కానీ పనిచోట అడగవలసిన అధికారి అడగలేదు. ఇంట్లో ఆడవాళ్లు చేయగలిగింది ఆఫీసుల్లో ప్రభుత్వం చేయలేకపోయింది.

ఐర్లండును ఇక్కడ చూడాలి. పని చేసే చోట్లన్నిటా, బార్లలో సహా, పొగతాగడాన్ని దేశమంతటా నిషేధించిన మొదటి దేశం అది. 2004 మార్చి 29న అమలు చేసింది. మన నాలుగో సెక్షన్‌కు నెల రోజుల ముందు. అక్కడ నిషేధానికి ప్రధానంగా చెప్పిన కారణం బారులో గ్లాసులు కడిగే, సారాయి పోసే కార్మికుడి ఊపిరి. తాగడానికి వచ్చినవాడు గంట కూర్చుని పోతాడు, పనివాడు ఎనిమిది గంటలు ఉండాలి, అతని ఆరోగ్యం యజమాని బాధ్యత అన్నారు. పొగ వ్యతిరేకత, కార్మిక హక్కు అక్కడ ఒకే చట్టంలో ఒకటయ్యాయి. మన దగ్గర అదే 2004లో, అదీ మే 1న, కార్మికుల దినం రోజున అమల్లోకి వచ్చిన సెక్షన్‌లో పొగాకు కార్మికుల ప్రస్తావనే లేదు. ఆ తేదీ యాదృచ్ఛికమే కావచ్చు. కానీ ఆ లోటు యాదృచ్ఛికం కాదు. రెండు శాఖలు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా రాసుకున్న చట్టాల ఫలితం అది.

మాట్లాడుకోమని అంతర్జాతీయ ఒప్పందమే చెప్పింది. పొగాకు నియంత్రణ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ చేసిన ఒప్పందాన్ని భారతదేశం 2004 ఫిబ్రవరిలో ఆమోదించింది. అందులో 8వ అధికరణం ఇతరుల పొగ నుంచి జనాన్ని కాపాడమంటుంది. 17వది పొగాకు మీద బతికే కార్మికులకు, రైతులకు, చిన్న అమ్మకందార్లకు వేరే బతుకుతెరువు చూపమంటుంది. 18వది పొగాకు సాగులో, తయారీలో మనుషుల ఆరోగ్యాన్ని, పర్యావరణాన్ని కాపాడమంటుంది. మనం 8వ దానికి చట్టం చేశాం, 17, 18లకు సంతకం మాత్రం పెట్టాం.

ఈ ఖాళీలోకి కంపెనీలు దూరాయి. బీడీ కట్ట మీద, సిగరెట్ పెట్టె మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉండాలన్న నియమం 2016 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చినప్పుడు, 2020 సవరణ ముసాయిదా వచ్చినప్పుడు, ముందు వరసలో నిలబెట్టింది బీడీలు చేసే ఆడవాళ్లనే. వాళ్ల ఆకలి నిజం. పని బందైతే పొయ్యి వెలగదన్నదీ నిజం. సిరిసిల్లలో మగవాళ్లు సాంచెల (మరమగ్గాల) మీద, ఆడవాళ్లు చాట మీద పని చేస్తేనే నెల గడిచే ఇళ్లు ఎన్నో. సాంచె ఆగినప్పుడు చాటే ఇంటిని నిలబెట్టింది. కానీ ఆ ఆకలిని అడ్డు పెట్టుకుని మాట్లాడేవాళ్లను ఒక ప్రశ్న అడగాలి. నెలలో పదిహేను రోజులే పని ఇచ్చి మిగతా రోజులు ఆకు లేదని తిప్పి పంపినప్పుడు ఈ ఆకలి ఎందుకు గుర్తుకు రాలేదు? ఆమెకు పని తగ్గింది బస్టాండులో బోర్డు వల్ల కాదు. తాగేవాళ్లు సిగరెట్‌కు మారడం, కూలి తక్కువున్న ఇతర రాష్ట్రాలకు పని తరలిపోవడం అందుకు పెద్ద కారణాలని ఆ వాడలో ఎవరిని అడిగినా చెప్తారు. బహిరంగ నిషేధాన్ని ఎత్తేసినంత మాత్రాన ఆమెకు ఒక్క రోజు పని కూడా పెరగదు.

బీడీ పేదవాడిది, దానివల్ల అంత నష్టం లేదు, ఆకులో చుట్టింది కదా అనే మాట కూడా ఇక్కడ బాగా వినిపిస్తుంది. అది తప్పు. ప్రభాత్ ఝా బృందం 2008లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం మన దేశంలో బీడీ తాగే మగవాళ్లు సుమారు ఆరేళ్ల ఆయుష్షును, బీడీ తాగే ఆడవాళ్లు సుమారు ఎనిమిదేళ్ల ఆయుష్షును కోల్పోతున్నారు. 2016-17 సర్వే ప్రకారం మన పెద్దల్లో సిగరెట్ తాగేవాళ్లు 4 శాతం, బీడీ తాగేవాళ్లు 7.7 శాతం. పొగ అంటే మన దేశంలో ముందుగా బీడీ పొగే. బీడీని పక్కన పెట్టి చేసే ఏ నిషేధమూ నిషేధం కాదు.

డబ్బు దగ్గరికి వస్తే రెండు చట్టాల మధ్య అగాధం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1976 సెస్సు చట్టం కింద వెయ్యి బీడీలకు ఇంత అని వసూలు చేసి సంక్షేమ నిధిలో వేసేవారు. చివరికి అది వెయ్యికి 5 రూపాయలుండేది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు ఆ సెస్సును రద్దు చేశారు. బీడీ మీద 28 శాతం పన్ను పడింది. పన్ను పెరిగింది, కార్మికురాలి పేరున విడిగా వచ్చే పైసా ఆగింది. ఇక నిధి బడ్జెట్ దయ మీద ఆధారపడింది. 2025 సెప్టెంబరు 3న జీఎస్టీ మండలి సిగరెట్ మీద పన్నును 40 శాతానికి పెంచాలని, బీడీ మీద 18కి తగ్గించాలని నిర్ణయించింది. తగ్గించడాన్ని సమర్థించినవాళ్లు చెప్పింది కార్మికుల బతుకు పేరే. తగ్గిన పది శాతంలో కూలికి ఇంత చేరాలన్న షరతు ఆ నిర్ణయంలో ఎక్కడా లేదు. తాగేవాడికి బీడీ చౌక కావచ్చు, సేటుకు లాభం పెరగవచ్చు. చాట ముందు కూర్చున్న ఆమెకు వచ్చేది మాత్రం ఏమీ లేదు. ఆరోగ్యం వైపు నుంచి చూసినా, కార్మికుల వైపు నుంచి చూసినా ఇది తప్పు నిర్ణయం. ఆ పది శాతాన్ని అలాగే ఉంచి ఆమె పేరున ఖర్చు పెట్టి ఉంటే రెండు చట్టాలకూ న్యాయం జరిగేది.

తెలంగాణ ప్రభుత్వం ఒక మంచి పని చేసింది. 2015 నుంచి బీడీ కార్మికులకు ఆసరా పింఛన్ల పథకం కింద నెలకు 1,000 రూపాయల భృతి ఇచ్చి, 2019లో దాన్ని 2,016కు పెంచింది. దేశంలో బీడీ పని ఉన్న రాష్ట్రాలు చాలా ఉన్నా, ఇలా నేరుగా ఆమె చేతికి డబ్బు చేర్చడం చిన్న విషయం కాదు. అయితే 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్ ఉండాలన్న షరతు వల్ల, పక్కపక్క చాటల మీద కూర్చున్న ఇద్దరిలో ఒకరికి వచ్చి ఒకరికి రాని పరిస్థితి ఏర్పడింది. అంతకన్నా ముఖ్యం, ఈ భృతి ఆమెను పనిలోంచి బయటికి తెచ్చే సాయం కాదు. పని దొరకని రోజుల లోటును కొంత పూడ్చే సాయం. కొత్త పని నేర్పే శిక్షణ, ఏటా ఊపిరితిత్తులకు, కళ్లకు పరీక్ష, తంబాకు దుమ్ము ఇంట్లోకి రాకుండా వాడకు ఒక పనిశాల, ఇవేవీ దానిలో లేవు. వాడకు ఒక పనిశాల అన్నది నేను కొత్తగా కలగన్నది కాదు. 1966 చట్టం కార్ఖానాకు రాసిన గాలి, వెలుతురు, పిల్లల గది నిబంధనలే దానికి చాలు. వాటిని ఆమె కూర్చునే చోటికి తీసుకురావాలి.

2025 నవంబరు 21న నాలుగు కార్మిక స్మృతులు అమల్లోకి వచ్చాయి. 1966 చట్టం వాటిలో ఒకటైన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతిలో కలిసిపోయింది. పేరులోనే ఆరోగ్యం ఉన్న స్మృతి అది. గడపను దాటడానికి అంతకంటే మంచి అవకాశం దొరకదు. కానీ సొంత ఇంటిని పని ఆవరణ లెక్కలోంచి తీసేసే పాత పద్ధతే దానిలోనూ కొనసాగింది. అరవై ఏళ్ల కింద అది తెలియనితనం అనుకోవచ్చు. ఇప్పుడు అలా అనుకోవడానికి వీల్లేదు. తంబాకు దుమ్ము ఏం చేస్తుందో, ఇంట్లో పొగ ఏం చేస్తుందో ఇప్పుడు రాజ్యానికి బాగా తెలుసు.

కాబట్టి నా తీర్పు ఇది. సూత్రం విషయంలో 2003 చట్టం 1966 చట్టం కంటే గట్టిది, ఎందుకంటే డబ్బు లెక్కలకు అతీతంగా మనిషి ఊపిరిని హక్కుగా నిలబెట్టింది. మనిషిని చూడటంలో 1966 చట్టం మేలైనది, ఎందుకంటే గుమ్మం వెనుక కూర్చున్న ఆడమనిషికి ఒక పేరు, ఒక పుస్తకం ఇచ్చింది. అమలులో రెండూ ఓడిపోయాయి. 2003 చట్టంలోని సూత్రాన్ని 1966 చట్టం చూసిన మనిషికి వర్తింపజేస్తే తప్ప, బహిరంగ ప్రదేశాల నిషేధం న్యాయంగా నిలబడదు. బీడీ చేసే ఆమె పేరు చెప్పి ఆ నిషేధాన్ని సడలించమనేవాళ్లను నమ్మకూడదు. ఆమెను మరిచిపోయి నిషేధం చాలనేవాళ్లను కూడా నమ్మకూడదు.

ఎల్లారెడ్డిపేట, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల పాఠకులకు ఒక విన్నపం. బహిరంగ ప్రదేశాల నియమాలు వచ్చిన అక్టోబరు 2నే మన ఊళ్లలో గ్రామసభలు పెడతారు. ఈసారి సభలో రెండు తీర్మానాలు అడగండి. బస్టాండులో, హోటళ్లలో, పంచాయతీ ఆఫీసులో, దవాఖానాలో పొగ బంద్ కావాలి, బోర్డు ఉండాలి, జరిమానా రాసే మనిషి ఉండాలి అన్నది ఒకటి. బీడీలు చేసే ప్రతి ఆడమనిషికీ ఏడాదికోసారి ఛాతీకి, కళ్లకు పరీక్ష జరగాలి, వాడకు గాలి ఆడే పనిశాల కావాలి, పొగాకు మీద వచ్చే పన్నులో ఆమె వాటా మళ్లీ విడిగా రావాలి అన్నది రెండోది. రెండూ ఒకే కాగితం మీద రాయించండి. ఒకటే రాస్తామంటే దానికింద సంతకం పెట్టకండి.